సైన్స్ ఫెయిర్ నుంచి పై చదువు దాకా: దక్షిణ ఒడిశా తెలుగు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చదివే తెలుగు పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు, బడి మాస్టార్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా పనికొస్తాయి. తేదీలు ఏటా అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి నెలలే ఇచ్చాం. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటి ప్రకటన ఒకసారి చూసుకోండి.

సైన్స్ ఫెయిర్‌కి వెళ్తే మా పాప ఏం చదవాలో తేలిపోతుందా?

ఫెయిర్‌కి వెళ్లినంత మాత్రాన తేలదు. అక్కడ పాప ఏ పని చేసిందన్న దాన్నిబట్టి తేలుతుంది. థర్మాకోల్ అగ్నిపర్వతాన్ని బజార్లో కొని, బల్ల మీద పెట్టి, బట్టీపట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి వస్తే మిగిలేది సర్టిఫికెట్ ఒక్కటే. నెల రోజులపాటు రోజూ ఒకే వేళకి ఒక కొలత తీసి నోట్సులో రాసిన పిల్లకి మాత్రం సైన్స్ ఉద్యోగం లోపల ఎలా ఉంటుందో కొంత అర్థమవుతుంది. అందులో విసుగు పుట్టించే పని చాలా ఉంటుంది. ఆ విసుగు తనకి పడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఒక ప్రాజెక్టులో ఐదారు రకాల పనులు కలగలిసి ఉంటాయి. పరికరం చేయడం, చెడితే విప్పి బాగుచేయడం ఒకటి. ఎండలో, బురదలో తిరిగి నమూనాలు తేవడం ఒకటి. ఓపికగా కొలవడం, లెక్కలు వేసి గ్రాఫ్ గీయడం, తెలియనివాళ్లకి విడమరిచి చెప్పడం, జట్టుని నడపడం కూడా ఉన్నాయి. గ్రాఫ్ గీస్తూ అన్నం మరిచిపోయే పిల్లాడికి గణాంకశాస్త్రం, డేటా పనులు పడొచ్చు. స్క్రూడ్రైవర్ వదలనివాడిది ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ దారి. నమూనాల కోసం ఏరు దిగేవాళ్లకి భూగర్భశాస్త్రం, మత్స్యశాస్త్రం, అటవీ శాఖ ఉన్నాయి.

ప్రతి కార్యక్రమం అయ్యాక, ఆ రాత్రే, నోట్సులో నాలుగు జవాబులు రాయించండి: ఏ పని చేస్తుంటే టైం తెలియలేదు? ఏ పని పక్కవాడి మీదకి నెట్టేశాను? ఎవరి ఉద్యోగం గురించి ఇంకా అడగాలనిపించింది? రేపు మళ్లీ చేయమంటే ఏ భాగం చేస్తాను? ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇలా రాసిన పేజీలు ప్లస్ టూ గ్రూపు ఎంచుకునే రోజున పక్కింటివాళ్ల సలహాకంటే బాగా ఉపయోగపడతాయి. రెండో ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. నచ్చని పని ముందే తెలిస్తే ఎన్నో ఏళ్లూ, లక్షల ఫీజులూ మిగులుతాయి.

ఏ తరగతిలో దేనికి వెళ్లొచ్చు?

ఆరో తరగతి నుంచే: ఇన్‌స్పైర్ మానక్ (పిల్లల కొత్త ఆలోచనల పోటీ), బాలల సైన్స్ కాంగ్రెస్, బడిలో ఉంటే అటల్ ల్యాబ్ (పిల్లలు పరికరాలు చేసి నేర్చుకునే గది). ఎనిమిదిలో ఉన్నవాళ్లు జాతీయ మీన్స్-కమ్-మెరిట్ పరీక్ష కూడా రాయాలి. అది సైన్స్ కార్యక్రమం కాదు. అయినా ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లలో చదివే తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలకి తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తుంది. పరికరాలకీ, ప్రయాణాలకీ ఆ డబ్బే ఆధారమయ్యే ఇళ్లు చాలా ఉన్నాయి.

తొమ్మిదిలో ఇస్రో వాళ్ల యువిక అనే వేసవి శిక్షణ. తొమ్మిది, పది తరగతుల్లో జూనియర్ సైన్స్ ఒలింపియాడ్. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఆస్ట్రానమీ ఒలింపియాడ్‌లు.

ఎన్‌టీఎస్ఈ, కేవీపీవై అనే పాత స్కాలర్‌షిప్ పరీక్షల గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. ఎన్‌టీఎస్ఈ 2021 నుంచి ఆగిపోయి ఉంది. కేవీపీవైని 2022లో ఇన్‌స్పైర్ పథకంలో కలిపేశారు. వాటి పేరుతో ఎవరైనా కోచింగ్ ఫీజు అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇన్‌స్పైర్ మానక్‌కి మా బడి నుంచి పేరు పంపడం ఎలా?

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి దీన్ని నడుపుతాయి. పిల్లలు సొంతంగా పెట్టుకోవడం కుదరదు. బడి ముందు ఈ-మియాస్ పోర్టల్‌లో ఒకసారి నమోదై ఉండాలి. ఆ తర్వాత హెడ్మాస్టరు పిల్లల ఆలోచనల్లోంచి ఐదింటి దాకా పంపొచ్చు. ఎంపికైన పిల్లకి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. తర్వాత జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి ప్రదర్శనలు. నామినేషన్లు మామూలుగా వేసవి సెలవులు అయ్యాక, వానాకాలంలో జరుగుతాయి. ఆఖరి వారంలో పోర్టల్ మొరాయిస్తుంది కాబట్టి జూలై లోపే ఆలోచనలు రాయించి పెట్టుకోండి.

చాలావరకు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది బ్యాంకు ఖాతా. డబ్బు నేరుగా ఖాతాలోకే వస్తుంది. ఖాతా లేకపోయినా, వాడక ఆగిపోయినా, పేరు తేడా ఉన్నా ఎంపికయ్యాక కూడా అది చేతికి రాదు. పేరు పంపకముందే ఆ ఖాతాలో వంద రూపాయలు వేసి, తీసి చూడండి.

రెండోది కాపీ. లేజర్ అలారం, ట్యాంకు నిండితే మోగే బజర్, మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట: దేశమంతటి నుంచీ ఇవే వస్తాయి. ఎంపిక చేసేవాళ్లు కొత్తదనం కోసం వెతుకుతారు. కొత్తదనానికి ఇంటర్నెట్ వెతకక్కర్లేదు, ఊళ్లో ఎవరి చెయ్యి నొప్పెడుతోందో చూస్తే చాలు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూడండి. పెంకులోని నూనె ఘాటుకి చర్మం నల్లబడి, పొరలుగా ఊడిపోతుంది. గింజ చితకకుండా, ఆ నూనె చేతికి తగలకుండా పిక్కని పట్టుకునే చిన్న పరికరం ఆలోచించిన పిల్లకి యంత్రం, రసాయనం, కూలీల ఆరోగ్యం మూడూ ఒకేసారి పరిచయమవుతాయి.

ఫారంలో సమస్య ఎవరిది, ఇప్పుడేం చేస్తున్నారు, దాంట్లో లోపమేమిటి, నా పద్ధతి ఏమిటి అన్న వరసలో రాయండి. "దేశానికి ఎంతో ఉపయోగం" అన్న వాక్యం కొట్టేయండి.

బాలల సైన్స్ కాంగ్రెస్ ప్రాజెక్టుకి ఏదైనా నడిచే ఉదాహరణ చెప్తారా?

ఈ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు చిన్న జట్టుగా, ఒక టీచరు తోడుతో, సొంత ఊరి సమస్య మీద పని చేయాలి. ముఖ్యాంశాన్ని రెండేళ్లకోసారి ప్రకటిస్తారు. ఇక్కడ మోడల్ అందం ఎవరూ చూడరు. లాగ్‌బుక్కు చూస్తారు.

వాన కొలత తీసుకోండి. కొండలమీది మోహనలో, మైదానంలోని దిగపహండిలో, తీరాన గోపాల్‌పూర్‌లో ఒకే రోజున వాన ఎంత తేడాగా పడుతుంది? మూడు బళ్లు కలిస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది, ఖర్చు వందల్లోనే తేలిపోతుంది.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాని పైనుంచి నిటారు భాగం మొదలయ్యే చోట కోయండి. కోసిన పై ముక్కని తలకిందులుగా గరాటులా అందులోనే దించి, అంచులు సమంగా టేపుతో బిగించండి. వాన పట్టే అంచు వ్యాసాన్ని స్కేలుతో రెండు దిక్కులా కొలిచి సగటు తీయండి. 10 సెం.మీ. వచ్చిందనుకుంటే వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. అంటే 1 మి.మీ. వానకి 7.85 మి.లీ. నీళ్లు చేరతాయి. రోజూ ఉదయం 8.30కి నీళ్లని 10 మి.లీ. సిరంజితో కొలిచి, వచ్చిన మి.లీ.ని 7.85తో భాగిస్తే వాన మి.మీ.లో వస్తుంది. 8.30 ఎందుకంటే వాతావరణ శాఖ రోజువారీ లెక్క కూడా ఆ వేళకే ముగుస్తుంది. గోపాల్‌పూర్ కేంద్రం అంకెలతో పోల్చాలంటే వేళ కలవాలి.

సీసా మీద స్కేలు గీతలు గీసి నేరుగా చదవకండి. అడుగు గుంటలు గుంటలుగా ఉండటంతో కింది గీతలన్నీ తప్పుతాయి. గోడకో చెట్టుకో దగ్గరగా పెడితే వాలుగా కొట్టే వాన తగ్గిపోతుంది. గోడ ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టండి. నేలకి మరీ ఆనించి పెడితే చినుకులు చిట్లి లోపల పడతాయి, అందుకే అంచు 30 సెం.మీ. పైన ఉండాలి. చుట్టూ నాలుగు ఇటుకలు లేకపోతే మేకలు పడదోస్తాయి. తుపాను రోజున సీసా నిండి పొర్లిపోతుంది. మధ్యలోనే కొలిచి, పారబోసి, రెండో కొలత దానికి కలపాలి.

అన్నిటికంటే పెద్ద గండం ఆదివారం. ఆ రోజు ఎవరూ చూడరు, సోమవారం రెండు రోజుల వాన కలిసి వస్తుంది. దాన్ని రెండు సగాలు చేసి రాసేస్తుంటారు. అలా రాయకూడదు. "రెండు రోజుల మొత్తం" అని నిజం రాస్తే న్యాయనిర్ణేత మెచ్చుకుంటారు. కల్పించిన అంకె ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. వాతావరణం, నీటివనరులు, విపత్తు నిర్వహణ అనే ఉద్యోగాలు ఎందుకున్నాయో ఈ జిల్లాల పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

మా బడిలో ల్యాబే లేదు. సముద్రం ఒక్కటే ఉంది. ఏం చేయగలం?

ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ (ఇండియన్ రేర్ ఎర్త్స్) కర్మాగారం బతికేదే ఆ సముద్రపు ఇసుక మీద. అందులో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, మోనజైట్ ఉంటాయి. కర్మాగారంలో అయస్కాంతం, విద్యుత్తు, బరువుల తేడాతో వాటిని విడదీస్తారు. అందులో ఒక మెట్టు మీ వరండాలో చేసి చూడొచ్చు.

అలలు ఆగే గీత దగ్గర ఒకటి, ఇసుక దిబ్బ మొదట్లో ఒకటి, చెరో 200 గ్రాముల నమూనాలు తెండి. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, పూర్తిగా ఎండబెట్టండి. 100 గ్రాములు తూచి తెల్లకాగితం మీద పలచగా పరవండి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి పాలిథిన్ కవరు తొడిగి, ఇసుకకి అర సెంటీమీటరు పైన మెల్లగా తిప్పండి. అంటుకున్న నల్లరేణువుల్ని వేరే కాగితం మీదకి తీసుకెళ్లి కవరులోంచి అయస్కాంతాన్ని లాగేస్తే అవన్నీ రాలిపోతాయి. కవరు మరిచిపోతే రేణువులు అయస్కాంతానికే కరుచుకుని సాయంత్రం దాకా ఊడవు.

స్పీకరు అయస్కాంతానికి ముందు వచ్చేది ఎక్కువగా మాగ్నటైట్. ఇల్మనైట్‌కి ఆకర్షణ తక్కువ కాబట్టి పాడైన హార్డ్‌డిస్కులోని నియోడిమియం అయస్కాంతం కావాలి. నల్లరేణువుల మధ్య తెల్ల ఇసుక చిక్కుకుని బరువు ఎక్కువ చూపిస్తుంది. వేరు చేసిన దాన్ని మళ్లీ పరిచి మూడుసార్లు తీయాలి. తడి ఉంటే లెక్కంతా పోయినట్టే. చివరికి తూచి, రెండు చోట్ల నూటికి ఎన్ని గ్రాములు వచ్చిందో పోల్చండి. అల ఎక్కడ బరువు రేణువుల్ని వదిలి తేలికవాటిని పట్టుకుపోతుందో పిల్లలే చెప్తారు.

రెండు జాగ్రత్తలు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది అణు ఖనిజం. చిన్న నమూనాకి మించి తేవద్దు, ఇంట్లో నిలవ పెట్టొద్దు, పనయ్యాక తీసుకెళ్లి అక్కడే పోసేయండి. ఋషికుల్యా ముఖద్వారం వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో అక్కడ ఇసుక కదపొద్దు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషు. బాబు ఏ భాషలో చెప్పాలి?

సైన్స్ కాంగ్రెస్‌లో భారతీయ భాషల్లో దేంట్లోనైనా చెప్పొచ్చు. అయినా జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో వినేవాళ్లు ఒడియావాళ్లు కాబట్టి మాట ఒడియాలో, చార్టు ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ ఉంటే మేలు. ఆలోచించడం, నోట్సు రాయడం మాత్రం వాడికి వచ్చిన భాషలోనే జరగనివ్వండి. లాగ్‌బుక్కు తెలుగులో ఉందని ఎవరూ మార్కులు కోయరు.

జేఈఈ మెయిన్, నీట్ ఒడిశా కేంద్రాల్లో ఒడియాలో రాయొచ్చు, తెలుగు ప్రశ్నపత్రం మాత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అందుకని ఎనిమిదో తరగతి నుంచే రోజుకో పేజీ ఇంగ్లీషు సైన్స్ పుస్తకం చదివించండి. ప్లస్ టూలో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

యువికకి ఎంపిక ఎలా చేస్తారు?

ఇస్రో 2019లో మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలకి, మే నెలలో సుమారు రెండు వారాలు, ఇస్రో కేంద్రాల్లోనే ఉంచి నేర్పిస్తారు. దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చిల్లో. ఎనిమిదో తరగతి మార్కులకే పెద్ద వాటా. దాంతోపాటు ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, స్కౌట్స్, ఎన్‌సీసీ వంటివాటికి మార్కులుంటాయి. పంచాయతీ పరిధిలోని బళ్లో చదివే పిల్లలకి అదనపు వెయిటేజీ ఉంది. మన పల్లె బడి పిల్లలకి అది పెద్ద అండ. బడి స్థాయి ఫెయిర్ సర్టిఫికెట్ కూడా లెక్కకొస్తుంది, దాన్ని పారేయకుండా ఫైల్లో పెట్టండి. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే.

ఒలింపియాడ్ అని బడికి ఫారాలు వస్తుంటాయి. అన్నీ ఒకటేనా?

కాదు. సైన్స్ ఒలింపియాడ్‌లకి దేశం తరఫున పంపే జట్టుకి దారి ఒక్కటే. భారత భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం నవంబరులో మొదటి పరీక్ష పెడుతుంది, తర్వాతి దశలు ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం చూస్తుంది. నమోదు ఆగస్టు, సెప్టెంబరుల్లో. సైన్స్ ఒలింపియాడ్ పేరుతో బడికి వచ్చే మిగతావి ప్రైవేటు పరీక్షలు. సాధనకి పనికొస్తాయి, అంతే. డబ్బు కట్టేముందు అడగండి: తర్వాతి దశ ఏమిటి? ఎవరు నడుపుతారు? ఓడిన పిల్లకి తప్పొప్పుల వివరం ఇస్తారా? మూడో ప్రశ్నకి నీళ్లు నమిలితే అది పతకాల వ్యాపారమే.

బడిలో అటల్ ల్యాబ్ ఉంది, తాళం వేసి ఉంటుంది.

తాళం వెనక ఉండేది ఎక్కువగా భయమే. త్రీడీ ప్రింటర్ పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. నీతి ఆయోగ్ 20 లక్షల దాకా ఇచ్చేది ఆరు నుంచి ప్లస్ టూ పిల్లలు వాటిని వాడి నేర్చుకోవడానికే. హెడ్మాస్టరుగారితో గొడవ పెట్టుకోకుండా ఒక ఏర్పాటు అడగండి: వారానికి ఒక మధ్యాహ్నం, పది మంది పిల్లలు, వస్తువులు తీసినవాళ్లు సంతకం పెట్టే రిజిస్టరు. మొదటి రెండు నెలలు ప్రింటర్ ముట్టుకోకుండా ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), ఎల్‌ఈడీ, సెన్సర్లు, సోల్డరింగ్‌తో నడపండి. ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టకుండా కలిపి మాడ్చేయడం అందరూ చేసేదే. నాలుగు మాడినా పది రూపాయలకి మించి పోవు.

ప్లస్ టూ తర్వాత దగ్గర్లో ఏమున్నాయి? డాక్టరు, ఇంజనీరు కాకుండా.

బరంపురంలోనే 2016లో పెట్టిన ఐసర్ ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్షలో నాలుగు సబ్జెక్టుల నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకి ఒక మార్కు కోత. ప్లస్ టూలో గణితం, బయాలజీ రెండూ ఉంచుకున్నవాళ్లకి ఇక్కడ బాగా కలిసొస్తుంది. భువనేశ్వర్‌లో అలాంటిదే మరో సైన్స్ సంస్థ నైసర్, దానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష. రంగెయిలుండాలో మత్స్య కళాశాల, బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం ఉన్నాయి. కొరాపుట్ వైపు దామంజోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, సునాబేడలో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థ ఇంజన్ల విభాగం ఉన్నాయి. ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలు వీటి అప్రెంటిస్ ప్రకటనలు చూస్తుండాలి. మొగలిపూల అత్తరు బట్టీలు కూడా రసాయనశాస్త్రం నడిచే చోట్లే, ఒకరోజు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

బీఎస్సీలాంటి మౌలిక సైన్స్ చదివేవాళ్లలో ప్లస్ టూ బోర్డులో మొదటి ఒక శాతంలో ఉన్నవాళ్లు ఇన్‌స్పైర్ ఉన్నత విద్యా స్కాలర్‌షిప్‌కి పెట్టుకోవచ్చు. ఏడాదికి 80,000 రూపాయలు. ఇంజనీరింగ్, మెడిసిన్‌కి వర్తించదు.

ఇంటర్‌కి విశాఖ, విజయవాడ పంపితే నష్టమేమైనా ఉందా?

చదువు సంగతి అలా ఉంచితే, ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి. మీరు ఏ రాష్ట్రం వాళ్లన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దానిమీద నిర్ణయిస్తారు. ఆంధ్రలో ఇంటర్ పాసైతే రూర్కెలాలో సొంత రాష్ట్రం వాటా పోతుంది, తాడేపల్లిగూడెంలో వస్తుంది. ఐఐటీ, ఐసర్‌లకి ఈ లెక్క లేదు. ఆంధ్ర రాష్ట్ర కాలేజీల్లో లోకల్ హోదాకి నాలుగేళ్ల వరస చదువు వంటి నిబంధనలున్నాయి, ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నది లెక్కలోకి రాదు. కుల ధ్రువపత్రం కూడా రాష్ట్రాన్నిబట్టే. అక్కడి జాబితాలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో లేకపోవచ్చు. పంపే ముందే చూసుకోండి.

దరఖాస్తులో పేరు కలవడం లేదంటోంది. ఏం చేయాలి?

మన ఇళ్లలో ఇది రోజూ ఉండే తంటా. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, బడి రిజిస్టరులో ఇక్కడి పద్ధతిలో చివర రాస్తారు, బ్యాంకులో పొడి అక్షరం ఒక్కటే. పోర్టల్‌కి వీళ్లు ముగ్గురు వేర్వేరు పిల్లలు. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరగకముందే ఒక రూపాన్ని ఖాయం చేసుకోండి. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బడి రిజిస్టరు, బ్యాంకు నాలుగూ ఒకే అక్షరక్రమంలోకి తెండి. పుట్టినతేదీ కూడా అప్పుడే చూడండి. పదో తరగతి సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్చాలంటే బోర్డు చుట్టూ తిరగాలి.

పదో తరగతిలోకి వచ్చాక ఇవన్నీ ఆపేయాలా?

కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు. నడుస్తున్న కొలతకి రోజుకి పది నిమిషాలు చాలు, దాన్ని తమ్ముడికో చెల్లికో అప్పగించినా పరవాలేదు. బోర్డు పరీక్షలయ్యాక ప్లస్ టూ మొదలయ్యే దాకా దొరికే ఖాళీలో, నోట్సులో ఎక్కువసార్లు వచ్చిన ఉద్యోగం చేసేవాళ్లని ఇద్దరిని కలిపించండి. జీతం ఎంతని అడగనివ్వండి, తప్పులేదు. నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారో కూడా అడగమనండి.